శంషాబాద్ పరిసరాల్లో పాత ఇళ్ల పునరుద్ధరణ: విలువ, భద్రత

ఇంటి పునరుద్ధరణ అంటే నిలబడి ఉన్న ఇంటిని కూల్చకుండానే అందులోని లోపాలు సరిచేసి, అవసరానికి తగ్గట్టు మార్చి, దాని ఆయుష్షు పెంచుకోవడం. సున్నాలు, రంగులు, టైల్స్ మొదలుకొని వంటగది మార్పులు, వైరింగ్, పైపులైన్లు, స్లాబు లీకేజీల మరమ్మతు, గోడలు తీయడం, కొత్త పోర్షన్ కట్టడం, పైన మరో అంతస్తు లేపడం దాకా అన్నీ దీని కిందికే వస్తాయి. హైదరాబాద్‌కు దక్షిణాన శంషాబాద్ చుట్టుపక్కల ఈ పనికి నగరంలోని చాలా ప్రాంతాల్లో లేని చిక్కులు మూడున్నాయి: విమానాశ్రయం వల్ల వచ్చే ఎత్తు పరిమితి, జంట జలాశయాల పరీవాహక నిబంధనలు, పంచాయతీల కాలంనాటి లేఔట్ల కాగితాలు. ఇక్కడ ఇంటి మీద పెట్టిన డబ్బు అమ్మేనాడు తిరిగి రావాలన్నా, ఆ ఇంట్లో ఉండేవాళ్లు నిశ్చింతగా నిద్రపోవాలన్నా పనుల వరుస ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత పిల్లర్లు, స్లాబు, ఆపైన నీళ్లు, కరెంటు, చివర్లో అందం. చాలా ఇళ్లలో పని దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది. రంగులూ ఫాల్స్ సీలింగూ అయ్యాక స్లాబు కారుతోందని తెలుస్తుంది, కొనేవాడు వచ్చాక ప్లాన్ లేదని తెలుస్తుంది.

ఊరు మారిన తీరు

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. దాదాపు 5,500 ఎకరాల్లో విస్తరించిన ఈ విమానాశ్రయం వెంటే రోడ్లూ వచ్చాయి. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి–శంషాబాద్ ఔటర్ రింగు రోడ్డు, 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకున్నాయి. అంతకుముందు ఈ ప్రాంత ప్రణాళికను చూసిన హైదరాబాద్ విమానాశ్రయ అభివృద్ధి సంస్థ (హడా) 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)లో కలిసిపోయింది. శంషాబాద్ 2018లో మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో జీహెచ్‌ఎంసీ విస్తరణలో భాగమైంది.

ఒకే వీధిలో మూడు తరాల ఇళ్లు కనిపించడానికి కారణం ఈ వేగమే. మొదటి తరం మట్టి గోడల పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు. వీటిలో నేల షాబాద్ బండలు. రెండోది రాతి పునాది మీద తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు లేపి, వాటి మీదే స్లాబు వేసిన డాబాలు. పిల్లర్లు లేని ఈ ఇళ్లలో బరువంతా గోడలే మోస్తాయి. మూడోది విమానాశ్రయం వచ్చాక, స్థలాల ధరలు పెరిగాక కట్టిన పిల్లర్ల ఇళ్లు. కార్గోలో, హోటళ్లలో, గోదాముల్లో, క్యాబులు నడుపుతూ పనిచేసేవాళ్లకు అద్దె ఇళ్లు కావాలి. అందుకే శంషాబాద్, సాతంరాయి, రాళ్లగూడ, తొండుపల్లి, గగన్‌పహాడ్ వంటి చోట్ల పునరుద్ధరణ అంటే ఎక్కువగా ఉన్న ఇంటికి పోర్షన్లు కలపడమే. లాభమూ ముప్పూ రెండూ అక్కడే ఉన్నాయి.

ముందు కాగితాలు

ఏ పనికి అనుమతి కావాలి, దేనికి అక్కర్లేదు అన్న విషయంలో గీత స్పష్టంగానే ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) ప్రకారం సున్నం, రంగు, ప్లాస్టరింగ్, నేల మార్చడం, ఫాల్స్ సీలింగ్, లోపలి పార్టిషన్లు, గదుల మధ్య తలుపు పెట్టడం వంటివి కట్టడం బలానికీ అగ్నిమాపక నిబంధనలకూ అడ్డురానంత వరకు అనుమతి అడగవు. గది పెరిగినా, అంతస్తు లేచినా, సెట్‌బ్యాక్‌లోకి గోడ జరిగినా, స్టిల్ట్ పార్కింగును దుకాణంగా మార్చినా అనుమతి తప్పదు. తెలంగాణలో ఇళ్ల ఎత్తు, ఖాళీ స్థలం లెక్కలకు ఆధారం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168. ఆ నిబంధనల అమలుకు 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల వ్యవస్థ మొదలైంది. 75 చదరపు గజాల్లోపు స్థలంలో ఏడు మీటర్లు దాటని ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు, 600 చదరపు గజాల్లోపు పది మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, అంతకు మించితే ఏక గవాక్షం. 2025లో బిల్డ్‌నౌ వ్యవస్థ దీని స్థానంలోకి వచ్చింది. స్వీయ ధ్రువీకరణ అంటే యజమాని తన మాటకు తనే బాధ్యుడని అర్థం. ఇచ్చిన వివరాలు తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది.

ఇక స్థలం సంగతి. గ్రామపంచాయతీ లేఔట్లలో కొన్న ప్లాట్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. 2020 ఆగస్టు 26న ప్రభుత్వం అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపింది, ఐదు రోజులకే లేఔట్ల క్రమబద్ధీకరణకు (ఎల్‌ఆర్‌ఎస్) జీవో 131 ఇచ్చింది. అప్పటికే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు ఆ ఏడాది చివర్లో మినహాయింపు దక్కింది. 2025లో ఫీజుపై 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ఎల్‌ఆర్‌ఎస్ పెండింగులో ఉన్న ప్లాటులో పాత ఇంటికి లక్షలు పోసి హంగులు చేసేకన్నా ముందు ఆ ఫీజు కట్టడమే మంచి పునరుద్ధరణ. కొనేవాడి బ్యాంకు మొదట అడిగేది ఆ కాగితమే.

శంషాబాద్ మండలంలోని అనేక గ్రామాలు జీవో 111 జాబితాలో ఉన్నాయి. 1908 మూసీ వరద విషాదం తర్వాత నగర రక్షణకు, తాగునీటికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన ఈ ఉత్తర్వు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను షరతులతో ఎత్తివేసింది. అయినా ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు గ్రామం పేరు, సర్వే నంబరు, కట్టిన ఏడాది, అప్పటి అనుమతి అన్న నాలుగింటినీ కొనేవాడి లాయరు పక్కపక్కన పెట్టి చూస్తాడు.

చెరువు దగ్గరి ఇళ్లకు ఇంకో లెక్క. జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగులు, నాలాలకు 9 మీటర్లు, అంతకు చిన్నవాటికి 2 మీటర్లు. గగన్‌పహాడ్‌లోని అప్ప చెరువులో కట్టిన షెడ్లను 2024 ఆగస్టు చివర్లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. అలాంటి హద్దులో ఉన్న ఇంటికి ఎంత ఖర్చు పెట్టినా అది ఆస్తి కింద జమ కాదు.

ఆకాశంలోనూ హద్దు ఉంది

విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో కట్టడాల ఎత్తును 2015 సెప్టెంబరు 30న కేంద్ర పౌరవిమానయాన శాఖ తెచ్చిన నిబంధనలు నియంత్రిస్తాయి. రంగుల పటంలో ఒక్కో చదరానికి అనుమతించే ఎత్తు ఉంటుంది. ఆ లోపు కట్టేవాటికి స్థానిక సంస్థే అనుమతి ఇవ్వగలదు. ఎర్ర జోన్‌లో పడితే భారత విమానాశ్రయాల సంస్థ నిరభ్యంతర పత్రం తప్పనిసరి.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. పటంలో, పత్రంలో కనిపించే అంకె నేల నుంచి కొలిచిన ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచింది. శంషాబాద్ విమానాశ్రయమే సముద్ర మట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తులో ఉంది. ఉదాహరణకు ఒక స్థలం 610 మీటర్ల మట్టంలో ఉండి, అక్కడ అనుమతి 630 మీటర్లు అయితే ఆ యజమాని కట్టగలిగేది 20 మీటర్లే. అదే వీధిలో కాస్త మెరక మీదున్న పక్క స్థలానికి ఇంకా తగ్గుతుంది. ఆ ఎత్తులో మెట్ల మీది హెడ్‌రూమ్, నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, యాంటెన్నా, పిడుగు నిరోధకం అన్నీ కలిసే ఉంటాయి. మూడో అంతస్తు పట్టిందని సంతోషించి, దాని మీద స్టాండు వేసి ట్యాంకు పెట్టడంతో హద్దు దాటే అవకాశం ఉంది.

రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. అందువల్ల ఆ వరసలో పడే ఊళ్లకు విమానాల మోత ఎక్కువ, ఉత్తర దక్షిణాల ఊళ్లకు తక్కువ. మోత పడే ఇంట్లో డబ్బు పెట్టాల్సిన చోటు కిటికీ. గోడ ఎంత మందంగా ఉన్నా శబ్దం సందుల్లోంచే వస్తుంది. పాత కర్ర కిటికీ చుట్టూ సందులు పూడ్చి, బిగుతుగా మూసుకునే ఫ్రేములో లామినేటెడ్ లేదా రెండు పొరల అద్దం వేస్తే తేడా ఆ రాత్రే తెలుస్తుంది. పడకగదులకు ముందు చేసి, హాలుకు తర్వాత చేసుకోవచ్చు. విమానాశ్రయం నుంచి పది కిలోమీటర్లలోపు పక్షులు మూగేలా చెత్త వేయడం, పైలట్లకు అడ్డయ్యే లేజర్ లైట్లు వెలిగించడం కూడా నిషిద్ధమే. డాబా మీద లైట్లు బిగించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లర్లు, స్లాబు, గోడలు

2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీద అదనపు అంతస్తులు లేపిన ఒక భవనం కుప్పకూలి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 1995 జూన్ 29న శాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. ప్లానులో లేని ఐదో అంతస్తు, సన్నబడిన పిల్లర్లు, స్లాబు మీద ఈడ్చి వేరే చోటికి జరిపిన భారీ ఏసీ యంత్రాలు ఆ ప్రమాదానికి కారణాలుగా తేలాయి. రెండు చోట్లా కట్టడం మొదట్లో నిలబడింది, ఆ తర్వాత దాని మీద మనుషులు మోపిన భారం కూల్చింది.

ఇళ్ల స్లాబును చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కగడతారు. మనుషులు, మంచాలు, బీరువాలు అన్నీ అందులోకే వస్తాయి. డాబా స్లాబుకు ఆ లెక్క ఇంకా తక్కువ, 150 కిలోలు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే టన్ను. దాని అడుగు సుమారు ఒక చదరపు మీటరు. అంటే ఆ స్లాబు భరించాల్సిన బరువుకు ఆరేడు రెట్లు ఒక్కచోటే పడుతోంది. ట్యాంకును స్లాబు మధ్యలో కాకుండా పిల్లర్ల మీదుగా వెళ్లే బీముల మీద దిమ్మెలు కట్టి పెట్టమని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే. మిద్దె తోటలో అడుగు మందాన తడిమట్టి పోస్తే చదరపు మీటరుకు అర టన్ను. అంత మట్టి కన్నా తేలికపాటి మిశ్రమంతో నింపిన కుండీలు గోడల వెంబడి పెట్టుకోవడం మేలు.

గోడల లెక్కా అంతే. నాలుగున్నర అంగుళాల ఎర్ర ఇటుక గోడ పదడుగుల ఎత్తు, పదడుగుల పొడవు ఉంటే దాదాపు రెండు టన్నులు తూగుతుంది. కింద బీము లేని చోట అలాంటి గోడ కట్టి ఒక పోర్షన్‌ను రెండు చేస్తే కొన్నాళ్లకు స్లాబు కుంగి, కింది గదిలో తలుపులు బిగుసుకుపోతాయి. తేలిక బ్లాకులు వాడితే ఆ బరువు మూడో వంతుకు తగ్గుతుంది.

గోడ తీయడం కట్టడంకన్నా ప్రమాదం. పిల్లర్ల ఇంట్లో మధ్య గోడ తీసినా స్లాబు నిలుస్తుంది. రెండో తరం డాబాలో అదే గోడ స్లాబును మోస్తుంటుంది. వాస్తు పేరుతో వాకిలి తూర్పుకు మార్చాలని, ఈశాన్యం మూల ఖాళీ చేయాలని, మెట్లు జరపాలని పాత ఇళ్లలో గోడలు కొట్టేస్తుంటారు. తెలుగువాళ్లు ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తారు కాబట్టి ఆ మార్పుకు మార్కెట్ విలువ ఉన్న మాట నిజమే. కానీ ఏ గోడ కొట్టాలో వాస్తు పండితుడు చెప్పాక, ఎలా కొట్టాలో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. బరువు మోసే గోడలో వాకిలి తెరవాలంటే ముందు స్లాబుకు జాకీలు పెట్టి, పైన లింటెల్ వేసి, అది గట్టిపడ్డాకే కింది ఇటుక తీయాలి. వైరింగ్ కోసం, పైపు కోసం పిల్లర్‌కో బీముకో గాడి కొట్టి రాడ్డు కోయడం ఎవరు చెప్పినా చేయనివ్వకూడదు.

పాత స్లాబు ఆరోగ్యం తెలుసుకోవడం మొదట్లో యజమాని చేతిలోనే ఉంది. కింది నుంచి చూస్తే రాడ్ల వరసలోనే గోధుమరంగు మరకలు, సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బి, కింది పెచ్చును తోసేస్తుంది. దాన్ని అలాగే ప్లాస్టరింగ్‌తో కప్పితే రెండు వానల్లో మళ్లీ ఊడుతుంది. సరైన పద్ధతి వేరు: డొల్ల భాగమంతా చెక్కి, రాడ్డు చుట్టూ శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, సన్నబడిన చోట కొత్త రాడ్డు కలిపి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలి. అంతస్తు వేయాలనుకునేవాళ్లు రిబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించి, పునాది పక్కన గుంత తీయించి దాని వెడల్పు, లోతు చూపించుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల ద్వారా ఇలాంటి పరీక్షలు చేయించుకోవచ్చు.

హైదరాబాద్ భూకంప పటంలో తక్కువ ముప్పున్న రెండో జోన్‌లో ఉంటూ వచ్చింది. అయినా 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం నగరందాకా తెలిసింది. అరల్లోని గాజు గిన్నెలు కదిలినంతకే ఆగినా, కింద అంతా ఖాళీగా పిల్లర్ల మీద నిలిచే స్టిల్ట్ ఇళ్లలో ఆ పిల్లర్లను ముట్టుకోకూడదనడానికి అది హెచ్చరికే.

వాననీళ్లు

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్ల వాన కురిసింది. 13వ తేదీ రాత్రే గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీది వాహనాలు కొట్టుకుపోయాయి. అదే వానకు బండ్లగూడ దగ్గర మహమ్మదీయ హిల్స్‌లో ప్రహరీ గోడ పక్క ఇళ్లపై కూలి పిల్లలతో సహా పలువురు చనిపోయారు.

కాబట్టి ప్రహరీ కూడా నిర్మాణమే. పల్లానికి కట్టిన ప్రహరీ వెనక మట్టి పోసి ఎత్తు లేపినప్పుడు అది మట్టిని ఆపే గోడగా మారుతుంది. దానికి తగ్గ పునాది, నీళ్లు బయటికి పోయే రంధ్రాలు లేకపోతే తడిసిన మట్టి బరువుకు ఒరుగుతుంది. ఇంటి మట్టం రోడ్డుకన్నా తక్కువుంటే మెరక చేయడం, సంపు మూతను నేలకన్నా ఎత్తులో పెట్టడం, కరెంటు మీటరును వరదనీరు అందని ఎత్తుకు జరపడం ఏ హంగుకన్నా ముందు చేయాల్సినవి.

డాబా మీద నీళ్లు నిలవకూడదు. వంద సెంటీమీటర్లకు కనీసం ఒక సెంటీమీటరు వాలు పైపు వైపు ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాక పారపెట్ గోడ పైకి కూడా అడుగు మేర ఎక్కించాలి, ఎందుకంటే లీకేజీ ఎక్కువగా ఆ మూలలోనే మొదలవుతుంది. పని అయ్యాక రంధ్రాలు మూసి, రెండు రోజులు నీళ్లు నిలిపి, కింద తడి కనిపించలేదని చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద అది 80,000 లీటర్లు. ఇంకుడు గుంతకు ఆ పైపు కలిపితే బోరు మీద ఆధారపడే ఈ ఊళ్లలో అదొక చెప్పుకోదగ్గ ఆస్తి.

కరెంటు, గ్యాస్, మంటలు

2025 మే 18 ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన కాపురం ఉన్న పాత భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా చెప్పారు. లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. చాలామందిని చంపింది పొగ. కింద దుకాణం, పైన పోర్షన్లు అన్న ఆ నమూనాయే ఈ రోజు శంషాబాద్ మెయిన్ రోడ్డు వెంట పెరుగుతోంది.

పాతికేళ్ల కిందటి వైరింగ్ రెండు ఫ్యాన్లకు, నాలుగు లైట్లకు వేసింది. దాని మీద ఏసీలు, గీజర్లు, ఇండక్షన్ స్టవ్‌లు నడపడం మంటను పెంచి పోషించడమే. లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల ఐఎస్ఐ రాగి తీగలు వేయాలి. ఏసీకీ గీజరుకూ ప్రత్యేకంగా ఎంసీబీలు పెట్టాలి. మొత్తం ఇంటికి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. పోర్షన్లు పెంచినప్పుడు విద్యుత్ సంస్థ దగ్గర మంజూరైన లోడు కూడా పెంచుకోవాలి.

అంతస్తు వేసేముందు తల పైకెత్తి చూడాల్సింది 11 కేవీ లైను. కట్టడానికీ దానికీ అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు దూరం ఉండాలి. ఇనుప రాడ్డో నిచ్చెనో ఎత్తి ఆ దూరంలోకి తెచ్చినా ప్రాణం పోతుంది.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి వంటగదిలో పైన ఎగ్జాస్ట్ ఉంటే చాలదు, కింద కూడా గాలి రంధ్రం ఉండాలి. మాడ్యులర్ కిచెన్ అరల్లో సిలిండరును బిగించి మూసేయడం తప్పు. గ్యాస్ గీజరును స్నానాల గది బయటే పెట్టాలి. దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగించినా, ప్రతి అంతస్తులో ఒక గ్రిల్ లోపలినుంచి తెరుచుకునేలా ఉండాలి. మెట్ల మీద గ్యాస్ బండలు, పాత సామాన్లు పెట్టనివ్వకూడదు. డాబా పారపెట్ మీటరుకు తగ్గకుండా, బాల్కనీ రెయిలింగు పిల్లలు ఎక్కలేనట్టు నిలువు కడ్డీలతో ఉండాలి.

ఏ ఖర్చు తిరిగి వస్తుంది

అమెరికాలో 'ఖర్చు–విలువ' పేరుతో ఏటా ఒక నివేదిక వెలువడుతుంది. 2024 లెక్కల్లో గ్యారేజీ తలుపు మార్చినవాళ్లకు ఖర్చులో 194 శాతం, ముఖద్వారం ఉక్కు తలుపుకు 188 శాతం, ఓ మోస్తరు వంటగది మార్పుకు 96 శాతం తిరిగి వచ్చాయి. ఖరీదైన వంటగదికి 38 శాతమే. ఆ అంకెలు మనకు వర్తించకపోయినా అందులోని తీరు వర్తిస్తుంది. ముందునుంచి కనిపించే చిన్న మార్పు ఎక్కువ తెస్తుంది, యజమాని అభిరుచి మీద పోసిన డబ్బు కొనేవాడి దగ్గర సగం కూడా రాదు.

ఇక్కడ సొంత ఇళ్ల ధరలో పెద్ద వాటా స్థలానిది. బ్యాంకు వాల్యుయేటర్ కట్టడానికి సాధారణంగా అరవై ఏళ్ల ఆయుష్షు, చివర్లో పది శాతం తుక్కు విలువ లెక్కేస్తాడు. ఆ లెక్కన ఇరవై ఏళ్ల ఇంటి కట్టడం విలువలో 30 శాతం తరిగిపోయి ఉంటుంది. అనుమతి లేని పై అంతస్తును అసలు లెక్కలోకే తీసుకోని వాల్యుయేటర్లు ఉంటారు. అంటే కొనేవాడికి అప్పు పుట్టదు, అమ్మేవాడు ధర తగ్గించాలి.

ఈ ప్రాంతంలో ధర పెంచేవి కొన్ని తేలిగ్గానే చెప్పవచ్చు. విడి మెట్లు, విడి మీటర్లు, ప్రతి పోర్షన్‌కూ బయటి గాలి తగిలే వంటగది, కారు నిలిపే చోటు, లీకేజీ లేని డాబా, వెలుతురు, మోత ఆగే కిటికీలు. పెద్దవాళ్లకు జారని టైల్స్, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ కూడా ఉన్న ఇంటికి కొనేవాళ్లు మొగ్గుతారు. డాబా మీద సౌర పలకలకు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్లకు 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. పలకల ఫ్రేమును గాలివానకు లేవకుండా బీముల మీద బిగించాలి.

బిల్లులు దాచుకోవడమూ ఆదాయమే. ఇంటి విలువ పెంచిన పని ఖర్చు అమ్మేనాడు మూలధన లాభం లెక్కలో తగ్గుతుంది. 2024 జులై 23 నుంచి దీర్ఘకాల లాభంపై పన్ను 12.5 శాతం అయింది. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి వ్యక్తులు ఇండెక్సేషన్‌తో 20 శాతం పద్ధతి కూడా ఎంచుకోవచ్చు. ఆధారం లేని నగదు ఖర్చు ఏ పద్ధతిలోనూ చూపించలేరు.

పని నడిపే పద్ధతి

అంచనాకు పైన పది నుంచి పదిహేను శాతం పక్కన పెట్టుకోనిదే పాత ఇంటి పని మొదలుపెట్టకూడదు. గోడ విప్పాకే లోపల ఏముందో తెలుస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ వానలకు ముందు, కాంక్రీటు పని ఎండలు ముదరకముందు పెట్టుకోవాలి. కొత్త కాంక్రీటుకు కనీసం వారం, పీపీసీ సిమెంటైనా, ఎండాకాలమైనా కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మేస్త్రీతో ఒప్పందం కాగితం మీద ఉండాలి: ఏ కంపెనీ సిమెంటు, ఏ మందం తీగ, చదరపు అడుగుకు ఎంత, ఏ దశకు ఎంత డబ్బు. బయటి గోడల పనికి గట్టి పరంజా, బెల్టు, హెల్మెట్ ఇవ్వడం ఇంటి యజమాని బాధ్యతే. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టకుండా తడిపి విప్పించాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. శిథిలాలను నాలాలోనో చెరువు గట్టునో పోయకూడదు. వాటిని శుద్ధి చేసే కేంద్రాలు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి.

గోడలు పూడ్చకముందే పైపులు, తీగలు వెళ్లిన దారిని టేపు పెట్టి ఫొటోలు తీసి, ప్లాన్, అనుమతి పత్రం, ఎల్‌ఆర్‌ఎస్ రసీదు, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, రుణభారం చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, ఇంజనీరు నివేదిక, బిల్లులతో కలిపి ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. శంషాబాద్ చుట్టుపక్కల ఇల్లు బాగుచేసుకోబోయే ప్రతి కుటుంబానికీ విన్నపం ఒక్కటే. రంగుల కార్డు చూసే ముందు ఆ ఇంటిని స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరికి, కాగితాలను లాయరు ఒకరికి చూపించండి. వారికి ఇచ్చే ఫీజు మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం, మిగతా ఖర్చు నిలబడేది దాని మీదే.